‘చావ్’ అని పలకరించే ఊరు

మా ఆయనను మట్టిలో పెట్టిన ఊరికి నేను ఇంతవరకు పోలేదు. కానీ ఎవరన్నా నన్ను తీసుకుపోయి ఆ ఏటి వంతెన దగ్గర దింపితే, ఒక్కరిని అడగకుండా ఆయన ఉన్న ముసలమ్మ ఇంటికి చేరుకుంటాను. వంతెన దాటగానే ఎడమకు తిరగాలి. బండలు పరిచిన మెట్లదారి పైకి పోతుంది. నడిచీ నడిచీ బండలు నడిమిట్ల గుంతలు పడి ఉంటాయి. రెండు పక్కలా సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. మూల మీద గోడలోనే ఒక గూడు, గూట్లో బిడ్డను ఎత్తుకున్న అమ్మవారి బొమ్మ, ఎర్ర గాజు బుడ్డిలో దీపం. అక్కడి నుంచి చూస్తే గంటల గోపురం కనిపిస్తుంది. గోపురానికి ఈ పక్కనున్న ఆకుపచ్చ తలుపుల ఇల్లే ముసలమ్మది.

నేను చెప్తుంటే నా బిడ్డ రాస్తున్నది. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. ఆ దేశం ఇటలీ. ఆ జిల్లా పేరు నా నోటికి తిరగదు, అందుకని రాయించడం లేదు. పెద్ద పట్నాలు ఏమీ లేని జిల్లా అని, గుట్టలు, ఏర్లు, మూతపడ్డ మిల్లులే ఎక్కువని మా ఆయన చెప్పాడు.

మేము సూరత్‌లో భేస్తాన్ దగ్గర ఉంటాము. మేము సాలోళ్ళం, నేతపనివాళ్ళం; మా మామ కాలంలో మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాము. మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. మా ఆయన ఖాతాలో ఫిట్టరు. ఆ యేడు ఖాతా యజమాని శేఠ్ ఇటలీలో మూతపడుతున్న ఒక మిల్లు నుంచి పాత మగ్గాలు కొన్నాడు. ఇక్కడ మళ్ళీ బిగించేది ఎవరో, అక్కడ విప్పేది కూడా వాళ్ళే అయితే పని చెడదని మా ఆయనను పంపాడు. హోలీకల్లా వచ్చేస్తానని చెప్పి, మా అత్త కాళ్ళు మొక్కి, చలికాలంలో విమానం ఎక్కాడు. మిల్లు పక్కనే ముసలమ్మ ఇంట్లో మేడ మీది గది ఇచ్చారు. ఆమె కూడా మొగుడు లేనిదే. చిన్నప్పుడు ఆ మిల్లులోనే పని చేసిందట.

ఆదివారాలు పని ఉండదు. అక్కడ మధ్యాహ్నం, మాకు సాయంత్రం. ఆయన ఫోను ఎదురుగా పట్టుకుని ఊరంతా తిరుగుతుంటే, మా ఒక్క గదిలో మంచం మీద అత్త, నేను, నా బిడ్డ వరసగా కూర్చుని చూసేవాళ్ళం. సూరత్ దాటి ఎరగని నేను ఆ జిల్లానంతా అట్లా తిరిగాను.

ఒక ఆదివారం బట్టలు ఉతికే చోటు చూపించాడు. పైన పెంకుల కప్పు, కింద రాతి తొట్లు, తొట్టి నుంచి తొట్టిలోకి నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

"అరే, నల్లా బంద్ చేసెటోళ్ళు లేరారా? నీళ్ళన్ని పాడైతున్నయి," అన్నది అత్త.

"అది గుట్ట మీదికెల్లి వచ్చే ఊట అవ్వా. బంద్ చెయ్యాల్నంటే గుట్టనే బంద్ చెయ్యాలె."

"ఇప్పుడెవలు ఉతుకుతరు గిన్ల?"

"ఎవ్వలు ఉతుకరు. అందరిండ్లల్ల మిషిన్లున్నయి."

"మరెందుకు ఉంచిండ్రు?"

"ముసలోళ్ళు ఉంచుమన్నరట."

ఇంకో ఆదివారం చేల గట్ల మీదికి పోయాడు. కొమ్మలన్నీ నరికేస్తే పిడికిళ్ళు బిగించినట్టు నిలబడ్డ చెట్లు వరసగా ఉన్నాయి. మల్బరీ చెట్లు. ఒకప్పుడు ఆ జిల్లాలో ఇంటింటా పట్టుపురుగులు పెంచారట. పురుగులు పోయాయి, చెట్లు మిగిలాయి. ఏటి ఒడ్డున పట్టు తీసే కార్ఖానా కూడా చూపించాడు. ఎత్తైన ఇటుకల పొగగొట్టం, అద్దాలు పగిలిన కిటికీలు, లోపల గోడ పొడుగునా తొట్లు. ఆ తొట్లలోని వేడినీళ్ళలో చేతులు పెట్టి ముసలమ్మ తల్లి పట్టుకాయల నుంచి పోగు లాగేదట. అత్త తన అరచేతులు చూసుకున్నది. తర్వాత, "చేతులు బొబ్బలెక్కవా?" అని అడిగింది. ఆయన పక్కనే ఉన్న ముసలమ్మను సైగలతో అడిగి, "ఎక్కేటివట. రాత్రి నూనె రాస్కునెటోళ్ళట," అన్నాడు.

ముసలమ్మ వండే తిండి చూసి మా అత్త నవ్వింది. అది మా మక్కగటకే, మొక్కజొన్న రవ్వ సంకటి. వేడివేడిగా చెక్కపీట మీద కుప్పగా పోసింది. చల్లారి గట్టిపడ్డాక కత్తి తీసుకోలేదు. రెండు చేతులతో దారం లాగి పట్టి, గటక కిందినుంచి పైకి కోసింది.

"సాలోళ్ళ ఇల్లే అది. నిమ్మలముండు కొడకా," అన్నది అత్త. కొడుకు విమానం ఎక్కిన తర్వాత అంత హాయిగా ఆమె మాట్లాడడం అదే మొదలు.

కానీ ముసలమ్మతో అత్తకు తగాదా ముందే అయింది. మొదటి ఆదివారం ఆయన ఫోనును ముసలమ్మ వైపు తిప్పాడు. తెల్లజుట్టు, బోసినవ్వు. చెయ్యి ఊపుతూ మమ్మల్ని చూసి, "చావ్! చావ్!" అన్నది.

అత్త మంచం మీది నుంచి లేచింది. "దీని నోట్లె మన్ను వడ! మొకం జూడంగనే సావుమంటదేందిరా?"

ఆయన ఎక్కిళ్ళు వచ్చేటంత నవ్వాడు. "సావు కాదవ్వా, చావ్! ఆల్లకు నమస్తే లెక్క. ఒచ్చినప్పుడు అంటరు, పొయ్యేటప్పుడు అంటరు."

"ఒచ్చినా సావే, పోయినా సావేనా? గదేం ఊరురా? పొద్దుగాల్ల ఎంతమంది అంటరు నిన్ను?"

"దుకాణపోడు అంటడు, చర్చి అయ్యగారు అంటడు, పాలు పోసే పిల్ల అంటది..."

"నువ్వేమంటవు మళ్ళ?"

"నేను గూడ చావ్ అంట."

"ఆల్లను అను. నిన్ను అననియ్యకు."

నా బిడ్డ, నేను పైట అడ్డం పెట్టుకుని నవ్వాము. అత్త నవ్వలేదు. ఎవరన్నా తుమ్మితే ‘నూరేళ్ళు’ అని దీవిస్తాము కదా, ఆమె అదే పట్టుకున్నది. ముసలమ్మ తెర మీద కనిపించి ‘చావ్’ అనడమే ఆలస్యం, అత్త చెయ్యి ఎత్తి, "నూరేండ్లు! నూరేండ్లు!" అని గట్టిగా అనేది. ఆ మాటను ఈ మాటతో కొట్టేసినట్టు.

ముసలమ్మకు ఇది తెలియదు. మా దేశంలో పలకరింపు అదేననుకున్నది. కొన్ని వారాలకు ఆమెనే ముందుగా చెయ్యి ఊపి, "నూరెల్లూ!" అనడం మొదలుపెట్టింది. పొద్దున మా ఆయన మెట్లు దిగితే నూరెల్లూ, పనికి బయలుదేరితే నూరెల్లూ. అత్త సంబరపడింది. "ఇప్పుడు తొవ్వకచ్చింది," అన్నది.

మగ్గాలన్నీ విప్పి, ముక్క ముక్కకూ గుర్తులు పెట్టి, కంటైనర్లలోకి ఎక్కించాడు. అవి ఓడరేవుకు పోయాయి. ఆయన టిక్కెట్టు తరువాతి వారానికి. ఈలోపు అక్కడ జబ్బు మొదలైంది. పక్క ఊరు మూశారు, తర్వాత జిల్లా మూశారు. మా టీవీలో ఆ దేశం పేరు రోజూ వినపడేది. ఫోనులో చూపించిన సందులే, ఒక్క మనిషి లేడు. గోపురం గంట మాత్రం ఊరికూరికే మోగేది. "ఎందుకు మోగుతున్నది?" అని అడిగితే, "టైమ్ గంట," అన్నాడు. గంటకొకసారి కదా మోగాలి అని నేను అడగలేదు.

శేఠ్ ఇంటికి పోయాను. గేటు లోపలి నుంచే మాట్లాడాడు. "సబ్ బంద్ హై బెన్. ఫ్లైట్ బంద్, ఆఫీస్ బంద్. మై క్యా కరూఁ?" శేఠ్‌ను తప్పు పట్టడానికి కూడా నాకు ఏమీ దొరకలేదు. తర్వాత సూరత్ కూడా మూతపడింది. మగ్గాలు ఆగిపోతే మా గల్లీకి చెవుడు వచ్చినట్టయింది. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన నా బిడ్డకు నిద్ర పట్టేది కాదు.

ఆయనకు జ్వరం వచ్చింది. ముసలమ్మ గంజిలాంటిది కాచి మెట్ల మీద పెట్టి పోతున్నదని చెప్పాడు. దగ్గు మధ్యలో, "పసుపు పాలు తాగాలనిపిస్తున్నదే," అన్నాడు. పసుపు డబ్బా నా చేతికి అందేంత దూరంలోనే ఉన్నది. తర్వాత అంబులెన్సు వచ్చింది. ఫోను తీసుకుపోయాడు, చార్జరు గోడకే ఉండిపోయింది. మేము చేస్తే మోగింది, మోగింది, తర్వాత అదీ ఆగింది. ఏ దవాఖానానో తెలియదు. తెలిసినా ఏ భాషలో అడగాలి?

రోజంతా ఫోను ముందర పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఒక సాయంత్రం నా బిడ్డ ఫోనుకు వీడియో కాల్ వచ్చింది. ముసలమ్మ. ఆయన పోయేముందు మా నంబరు రాసిచ్చినట్టున్నాడు. మూతికి గుడ్డ, మెడలో తువ్వాలు. వేగంగా ఏదో చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. కళ్ళు తుడుచుకున్నది, మళ్ళీ చెప్పింది. చివరికి గుడ్డ కిందికి లాగి, గుండె మీద చెయ్యి పెట్టి, నిదానంగా, "నూరెల్లూ. నూరెల్లూ," అన్నది. ఫోను పెట్టేసింది.

అత్త రెండు చేతులూ పైకెత్తి దండం పెట్టింది. "ఇన్నవానే? నూరేండ్లు అన్నది! నా కొడుకు మంచిగైండు! గండం దప్పింది!"

అత్త మాట విన్నది. నేను ముసలమ్మ ముఖం చూశాను. పోయేటప్పుడు కూడా అదే మాట అంటారని ముసలమ్మకు మేమే నేర్పాము. కానీ ఆ మాట అత్తతో ఎట్లా అనను? ఆమె లేచి డబ్బాలో నుంచి చక్కెర తెచ్చి నా నోట్లో పోసింది, మనవరాలి నోట్లో పోసింది. వాకిట్లోకి పోయి ఎదురింటివాళ్ళను పిలిచి చెప్పింది. నా నోట్లో చక్కెర అట్లనే ఉన్నది. మింగలేను, ఉమ్మలేను. నా బిడ్డ నా వైపు చూసింది. "ఊకో," అన్నాను. అది అప్పటికి ఏడవనే లేదు.

మర్నాడు శేఠ్ ఫోను చేసి చెప్పాడు.

కాల్చడానికి అక్కడ వరస చాలా పొడుగున్నదట, శవాలను వేరే జిల్లాలకు పంపిస్తున్నారట. పంపితే ఎక్కడికి పోతాడో తెలియదని ముసలమ్మ అడ్డం పడి, తన ఊరి శ్మశానంలోనే పెట్టించింది. సిలువ పెట్టవద్దని కూడా ఆమెనే చెప్పిందట. మా ఇండ్లలో కాలుస్తాము. అమ్రోలిలో ఉండే కులపెద్దను నా బిడ్డ ఫోనులో అడిగింది, గడ్డిబొమ్మ చేసి తాపీ నది ఒడ్డున కాల్చవచ్చునా అని.

"మట్టిల పెట్టిండ్రు గద బిడ్డా," అన్నాడాయన. "పెట్టినోన్ని మళ్ళ ఎట్ల కాలుస్తం? అటు గాకుంట ఇటు గాకుంట ఐతది. జర ఆగుండ్రి, పెద్దలనడిగి చెప్త." అడిగాడో లేదో, ఎండలు ముదిరాక ఆయన కూడా పోయాడు.

గాజులు తీయడానికి వాడకట్టు ఆడవాళ్ళు వచ్చినప్పుడు అత్త వాకిట్లో అడ్డంగా కూర్చున్నది.

"నా కొడుకు పీనుగను జూసిన్నా? బొక్కనన్న జూసిన్నా? జూసినంకనే ఏదన్నా. పోండ్రి."

ఆ గాజులు నా చేతులకు ఇంకా ఉన్నాయి. పెండ్లిండ్లకు పిలవరు, ముత్తైదువల వరసలో నిలబడలేను, ముండమోసినవాళ్ళ వరసలోనూ నిలబడలేను. నాలుగిళ్ళు తిరిగి చీరలకు అంచులు కుడుతూ బతుకుతున్నాను.

వానలప్పుడు మగ్గాలు వచ్చాయి. ఆయన విప్పినవి. హజీరా రేవు నుంచి లారీల మీద ఖాతాకు తెచ్చారు. వేరే ఫిట్టరు ఆ గుర్తులు చూసుకుంటూ బిగించాడు. అన్నీ సరిగ్గా కూర్చున్నాయని శేఠ్ మనిషి వచ్చి చెప్పిపోయాడు, మేము సంతోషపడతామని.

రెండో యేడు ముసలమ్మ ఫోను పట్టుకుని శ్మశానానికి పోయింది. చుట్టూ గోడ, కొనదేలిన నల్లని చెట్లు, ప్రతి రాతి మీదా చచ్చిపోయినవాళ్ళ ఫోటో. వెనుక గుట్ట, గుట్ట మీద ఎండలో కూడా కరగని మంచు. ఆయనకు రాయి లేదు, చెక్క మీద పేరు ఉన్నది. ముసలమ్మ అక్కడి గడ్డి పీకింది. అప్పటికి నా బిడ్డ ఫోనులో ఒక భాషను ఇంకో భాషలోకి మార్చే యాప్ పెట్టింది. ముసలమ్మ మాట్లాడితే ఫోను హిందీలో చెప్పింది. ఆ జాగా పదేళ్ళ వరకే ఇస్తారట. తర్వాత తవ్వి, ఎముకలు తీసి చిన్న పెట్టెలో పెడతారట. అడగవచ్చిన వాళ్ళుంటే ఇస్తారు, లేకుంటే అందరి ఎముకలతో కలిపి ఒక్క గుంతలో వేస్తారు. నేను బతికి ఉంటే మీకు చెప్తాను, నేను చెప్పేదాకా తవ్వనివ్వను అని ముసలమ్మ చెప్పింది. ఆమెకు అప్పటికే ఎనభై దాటాయి.

"గప్పుడు బొక్కలన్న ఒస్తయి," అన్నది అత్త. "కాలుద్దాం. తాపీల కలుపుదాం. గప్పుడు నీ గాజులు తీద్దాం పిల్లా."

ఆ చలికాలం నుంచి ముసలమ్మ ఫోను ఎత్తడం లేదు. నా బిడ్డ మెసేజి పెడితే చేరినట్టు రెండు గీతలు పడుతున్నాయి, చదివినట్టు నీలం కావడం లేదు. ఆ ఊరి పంచాయతీ ఆఫీసుకు ఫోనులో వాళ్ళ భాషలోకి మార్చి రాసింది, జవాబు లేదు. ఆ మిల్లువాళ్ళతో నాకిప్పుడు లావాదేవీ లేదు బెన్ అన్నాడు శేఠ్. ఆదివారం సాయంత్రం మాత్రం ముగ్గురం మంచం మీద కూర్చుంటాము. నా బిడ్డ నంబరు కొడుతుంది. అక్కడ మోగుతున్న చప్పుడు ఇక్కడికి వినపడుతుంది.

"ఎత్తిందా?"

"లేదత్తా."

"చర్చికి వోయిందేమో. జరసేపాగి మళ్ళ జెయ్యి."

"చేస్త."