బోర్లించిన చీటీ

మా ఆయన అక్కని, అంటే మా వదినని, ఆస్పత్రిలో అందరూ బూజమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది మాత్రం మా ఆయనే. ఇరవై ఆరేళ్లుగా ఆవిడ పని ఒకటే: రోగుల కళ్లె, చీము, గోటి పొడి గాజు పళ్లాల్లో పూసి, ఏ బూజు మొలుస్తుందో చూసి చెప్పడం. ఇంట్లో రొట్టె మీద ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే నేను అంతవరకు గిల్లి పారేసేదాన్ని. మా ఇంటికి వచ్చినప్పుడు ఆవిడ కంటపడితే ఊరుకునేది కాదు. పైకి కనిపించేది కొంచెమే, వేళ్లు అప్పటికే లోపలికి దిగి ఉంటాయని రొట్టె మొత్తం చెత్తబుట్టలో వేసేది. నాకు ఒళ్లు మండేది.

బూజు విత్తనాలు లేని గాలే లేదనేది వదిన. రోజూ అందరం పీలుస్తూనే ఉంటాం, ఒంట్లో కాపలా గట్టిగా ఉన్నంతకాలం అవి మనల్నేం చేయలేవు, కాపలా సడలితే మాత్రం ఊపిరితిత్తుల్లోనే కాపురం పెడతాయట. గాలిలోంచి పళ్లెంలోకి కూడా పడుతుంటాయి కాబట్టి, ఏది రోగిదో ఏది గాలిదో తేల్చడమే ఆవిడ పనితనం. కళ్లె పూసిన గీత మీద మొలిస్తే రోగిది. గీతకి దూరంగా, అంచున ఒక్కటే మొలిస్తే గాలిది, పారేయడమే. ఆ తీర్పు చెప్పేటప్పుడు, రోగి పేరూ జబ్బూ రాసి డాక్టరు పంపే చీటీని బోర్లా పెట్టుకునేది. రోగి ఎవరో, జబ్బేమిటో ముందే తెలిస్తే కన్ను లేనిది కూడా చూస్తుందని ఆవిడ నమ్మకం. పళ్లెం నంబరు చీటీ వెనకే ఉంటుంది కనక దాన్ని తిప్పే అవసరం కూడా రాదు. పెద్ద డాక్టర్లు సైతం ఆవిడ కంటికి ఎదురు చెప్పేవాళ్లు కాదు, ఆ గర్వం ఆవిడకి కాస్త ఉండేది.

మా ఆయన పుస్తకాలకి బైండింగు చేసేవాడు. రెండు కిడ్నీలూ చెడిపోతే వదిన తనదొకటి ఇచ్చింది. ఎవర్ని అడగాలా అని నేనింకా ఏడుస్తుండగానే ఆవిడ వెళ్లి సంతకం పెట్టేసింది. బయటి కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా ఆయన రోజూ మందులు వేసుకోవాలి. ఆ మందులు చేసే పనల్లా ఒంటి కాపలాని నిద్రపుచ్చడమే. అందుకని దుమ్ము పట్టిన కాగితం ముట్టుకోనని వదిన ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

రెండేళ్లు ఒట్టు నిలబెట్టాడు. తర్వాత ఒక లైబ్రరీలో పైకప్పు కారి తడిసిన పుస్తకాల మూటలు వచ్చాయి. వేరేవాళ్లకి ఇస్తే పాడుచేస్తారని ఆయన మనసు ఊరుకోలేదు. మూతికి గుడ్డ కట్టుకుని, నాలుగు రోజులు అతుక్కుపోయిన పేజీలు విడదీస్తూ కూర్చున్నాడు. నేను కాసేపు గోల చేసి ఊరుకున్నాను. నెల తిరక్కుండానే దగ్గు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం.

"అక్కకి చెప్పకే. తోలు తీస్తుంది," అన్నాడు.

నేను చెప్పలేదు. ఆవిడ తిట్లు వినే ఓపిక నాకూ లేదు. ఆయన కిడ్నీ కాగితాలన్నీ అక్కడే ఉండటంతో, ఆవిడ పనిచేసే ఆస్పత్రికే దొంగల్లా వెళ్లి, వరసలో నిలబడి కళ్లె ఇచ్చి వచ్చాం. కిడ్నీ మార్చిన సంగతి డాక్టరు చీటీ మీద స్పష్టంగానే రాశాడు. వారానికి, ఏమీ లేదని కాగితం వచ్చింది. మామూలు దగ్గు మందు రాసి పంపారు. ఆయన ఈల వేసుకుంటూ మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాడు. నేనూ తెగ సంతోషించాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇరవై రోజులకి దగ్గులో రక్తం పడింది. ఇక వదినకి చెప్పక తప్పలేదు. ఈసారి ఊపిరితిత్తుల్లోంచి తీసిన నీళ్లని ఆవిడే పళ్లెంలో పూసింది. గీత పొడుగునా ఆకుపచ్చగా మొలిచింది. బూజు మందు ఎక్కించారు కానీ అప్పటికే ఆలస్యమైంది. తొమ్మిదో రోజున పోయాడు.

నెల తర్వాత వదిన మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక చీటీ. పాత చీటీల కట్ట సర్దుతుంటే తమ్ముడి పేరు కనిపించిందట. తారీకు చూస్తే ఆ పళ్లెం గుర్తొచ్చిందట: అంచు దగ్గర గింజంత మచ్చ, ఒక్కటే. కిడ్నీ మార్చిన మనిషిదని తెలిస్తే ఆ ఒక్కదాన్నీ వదిలేదాన్ని కాదని చెప్పింది.

"నేనే పారేశానమ్మా," అంది. "కిడ్నీ ఇచ్చి, పళ్లెం పారేశాను. నాకొక్క మాట ఎందుకు చెప్పలేదు వాడు?"

ఆవిడ తిట్టించుకోవడానికే వచ్చింది. నిజం చెప్పాలంటే, నాకూ తిట్టాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా.

"మీరు తిడతారని చెప్పొద్దన్నారు వదినా. నేనూ దాచాను."

వదిన చీటీ వంక చూసింది.

"తిట్టేదాన్నే," అంది. "తిట్టేదాన్నే కదా. తిడితే బతికేవాడు కదమ్మా."

ఇప్పుడు ఆవిడ చీటీ ముందు చదువుతుంది, పక్కవాళ్లకి కూడా వినిపించేంత గట్టిగా. ఒక్క మచ్చ మొలిచినా డాక్టర్లకి ఫోన్లు చేసి విసిగిస్తుంది. కొత్తగా చేరినవాళ్లు చాదస్తమని నవ్వుకుంటారట. ఆదివారాలు మా ఇంటికి వచ్చి, బైండింగు బల్ల పక్కన ఊరికే కూర్చుంటుంది. మొన్న రొట్టె అంచున చిన్న మచ్చ కనిపించింది. గిల్లబోయి ఆగి, మొత్తం తీసుకెళ్లి చెత్తబుట్టలో వేశాను. వెనక్కి తిరిగేసరికి వదిన గుమ్మంలో నిలబడి ఉంది, కొంగు నోట్లో కుక్కుకుని.