చమురు ఉన్నంతసేపు

దీపం కనిపిస్తే సిగరెట్టు ముట్టించుకోవడం తప్ప మరో ఆలోచన పుట్టని బుర్ర నాది. ఆ సాయంత్రం భద్రాచలం బస్టాండులో కరెంటు పోయింది. గుంటూరు యాస పెద్దాయన ఒకాయన నా పక్కన బెంచీ మీద మూడు ప్రమిదలు వెలిగించి, నాలుగోది కాస్త ఎత్తున పెట్టాడు. నేను సిగరెట్టుతో మొదటి ప్రమిద మీదికి వంగాను.

"అవి వాడుకోకూడదు బాబూ, చూడటానికే. గుంటూరు వైపు కొద్దిమంది యూదులం ఉన్నాం, మా హనుక్కా దీపాల పండగకి ఇవాళ మూడో రోజు. వాడకానికి ఈ ఎత్తుది పెడతాం, ఇది పండగ లెక్కలోకి రాదు" అంటూ నాలుగోదాన్ని నా వైపు జరిపాడు.

"మరి ఇంట్ల పెట్టుకోక ఇక్కడేంది పెద్దాయనా?"

"అమ్మాయి బయటివాళ్ళని చేసుకుంది. అక్కడ వెలిగిస్తే చుట్టాలు అడుగుతారట. ఆ ఇంట్లో నేనూ ఈ నాలుగో దీపమే."

ఇంతలో అల్లుడు బండి మీద వచ్చాడు. "ఏంది మామా, గిక్కడ గూడా మొదలువెట్టినవా? ఆర్పు, జల్దీ పోదాం." నన్ను చూసి నవ్వాడు. "కార్తీక దీపాలు సార్."

కార్తీకం వెళ్ళి చాలా రోజులైంది. పెద్దాయన తల దించుకున్నాడు, దీపాలు మాత్రం ఆర్పలేదు.

మా ఇంట్లో ఎవరూ భరించలేని వాగుడు నాది. అల్లుడి చెయ్యి పట్టుకుని, నా మోకాళ్ళ నొప్పులతో మొదలుపెట్టి మా వియ్యంకుడి ఆపరేషన్ దాకా వినిపించాను. ప్రమిదల్లో చమురు అయిపోయాకే వదిలాను.