మాట వినని కండ

బీరువాలు, సోఫాలు మేడల మీదికి మోసే ఆ అన్నదమ్ములను తెలిసినవాళ్లంతా గోడ, గడ అని పిలిచేవారు. అన్న గోడలా వెడల్పు, తమ్ముడు గడకర్రలా సన్నం. మెట్ల మీద బరువంతా కిందివాడిదే కాబట్టి కింద ఎప్పుడూ అన్నే ఉండేవాడు. తమ్ముడు పైన పట్టుకుని, వెనక్కి నడుస్తూ మలుపులు చెప్పేవాడు.

ఒకరోజు మూడో అంతస్తుకు చెక్క బీరువా ఎక్కిస్తుంటే తడి మెట్టు మీద తమ్ముడి కాలు జారింది. మోకాలు మెలిపడి, లోపల ఏదో పటుక్కున తెగింది. పట్టు తప్పిన బీరువా అన్న ఛాతీ మీదికి దూసుకెళ్లింది. ఆసుపత్రికి చేరేలోపే అతని ప్రాణం పోయింది.

తమ్ముడికి తెగిన లిగమెంటును ఆపరేషన్ చేసి సరిచేశారు. కుట్లు మానాయి గానీ తొడ మాత్రం మాట వినలేదు. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కాలితో అదమమనేది ఫిజియోథెరపీ చేసే ఆవిడ. అతను పళ్లు బిగించేవాడు, పిడికిళ్లు బిగించేవాడు. బిగియాల్సిన కండ ఒక్కటే తడిసిన దూదిలా పడి ఉండేది. ఆవిడ తొడకు తీగలున్న బిళ్లలు అంటించి తెర చూపించింది. మంచి కాలు బిగిస్తే గీత ఎగిసింది. రెండో కాలికి నేల కరుచుకుని పాకింది.

చచ్చిపోయిందా అని అడిగాడు.

"లేదండీ. మోకాలికి దెబ్బ తగిలితే ఒళ్లు జాగ్రత్తపడుతుంది. ఆ కండకు మాట అందనివ్వదు. మీరే రోజూ బతిమాలుకోవాలి."

ఆ కాలు లేవకపోవడమే న్యాయమనుకున్నాడతను. ఇంట్లో వ్యాయామం మానేసి, అడిగితే చేశానని దులిపేసుకునేవాడు.

తల్లి కనిపెట్టింది. పెద్దకొడుకు పోయాక ఆమె మాటలు బాగా తగ్గించేసింది. ఓ సాయంత్రం తనే తువ్వాలు చుట్టి తెచ్చి, మంచం మీద కూర్చుని, అతని మోకాలికి కాస్త పైన రెండు వేళ్లు ఆనించింది.

"నొక్కరా."

"అన్నయ్యే లేడు. ఇది లేచి ఏం చేయాలమ్మా?"

ఆమె వేళ్లు తీయలేదు. "ఒకణ్ణి మట్టికిచ్చాను. రెండోవాణ్ణి మంచానికి ఇమ్మంటావా?" అంది, గొంతు పెంచకుండానే.

అతను మొహం తిప్పుకుని ఏడ్చాడు. అన్న పోయాక కంట తడి పెట్టడం అదే మొదలు. ఏడుస్తూనే నొక్కాడు. చాలాసేపటికి ఆమె వేళ్ల కింద ఏదో సన్నగా బిగిసి, వదిలేసింది. ఇద్దరికీ తెలిసింది.

అప్పట్నుంచి రోజూ ఆమె చెయ్యి ఉండాల్సిందే. తెర మీద గీత నెమ్మదిగా పైకి లేచింది, మంచి కాలి గీతను మాత్రం ఎన్నడూ అందుకోలేదు. ఆ తొడ కాస్త సన్నంగానే మిగిలిపోయింది. మళ్లీ బరువులు మోయలేదు. కుర్చీలు బాగుచేసే కొట్లో పనికి కుదిరాడు.

నడక కుదురుకున్నాక తల్లిని తీసుకుని ఊరి చివరి గుట్టకు వెళ్లాడు. అన్నను అక్కడ పూడ్చిపెట్టినప్పుడు అతను ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. ఎక్కలేనని తల్లి కిందే రాయి మీద కూర్చుండిపోయింది. అతనొక్కడే ఎక్కాడు. దిగేటప్పుడు కాలు వణికితే పొదలు పట్టుకుంటూ, ఆగి ఆగి దిగాడు.

"ఎలా ఉందిరా అక్కడ?" అని అడిగింది.

"గడ్డి పెరిగిందమ్మా. పీకేసి వచ్చాను."