బెళుగుప్పోడు

పామిడి బస్టాండులో నా పక్కన కూర్చున్న ముసలావిడ పేరు నేను అడగలేదు. ఆమె టిఫిన్ డబ్బా తెరిచి, నేనడక్కుండానే సగం రాగిసంగటి మూతలో పెట్టి నా చేతికిచ్చింది. దాని పక్కనే ఇంత చెనిక్కాయల పచ్చడి.

"ఏ ఊరప్పా మీది?"

"ఈ జిల్లానే అవ్వా, బెళుగుప్ప," అన్నాను దర్జాగా, నములుతూనే.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "అబద్ధం! బెళుగుప్పోడు సంగటి నముల్తాడా?"

పళ్లకంటుకున్న సంగటిని నాలుకతో వదిలించుకుంటూ నిజం ఒప్పుకున్నాను. ఊరు మా నాన్నది. నేను పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదులో.

"నాయన ఊరే కదప్పా నీ ఊరు. తినేది నేర్చుకోవల్ల, అంతే." చిన్న ముద్ద తుంచి, ఉండ చేసి, పచ్చడిలో అద్ది గుటుక్కున మింగింది. "సంగటి పండ్లకు గాదు, గొంతుకు."

మొదటి ముద్దకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండోది గొంతులో కాసేపు నిలబడింది. మూడోది నున్నగా జారిపోయింది. ఆమె మెచ్చుకోలేదు, ఇంకో ముద్ద పెట్టింది.

అది తినేసరికి ఆమె బస్సొచ్చింది. డబ్బా మూసుకుని ఎక్కి, కిటికీలోంచి బస్టాండంతా వినపడేలా అరిచింది.

"ఏయ్ బెళుగుప్పోడా! నీళ్లు తాగుపో!"

ఎవర్ని పిలుస్తోందోనని నేను వెనక్కి తిరిగి చూడలేదు.