కుప్పం అంగట్లో వేలాడిన సంచులు

2007వ సంవత్సరం. మదనపల్లెలో గణాంకాల ఆఫీసులో నేను సూపర్‌వైజర్‌ని. ఊళ్లలో కుటుంబాలు తిండికీ బట్టకీ ఎంత ఖర్చు పెడుతున్నాయో అంచనా కట్టడం మా పని. అందుకోసం మా ఇన్వెస్టిగేటర్లు అంగడంగడికీ తిరిగి, అమ్మకాలు అడిగి షెడ్యూల్ నింపుకొచ్చేవాళ్లు. షెడ్యూల్ అంటే ప్రశ్నలు అచ్చువేసిన కాగితాల కట్ట. దాన్ని చూస్తేనే వ్యాపారులకు ఒళ్లు మండేది. మేం పన్నులవాళ్లమని వాళ్ల అనుమానం. "యాపారం యాడుండాదప్పా, ఈగలు తోలుకుంటాండాము" అనేవాళ్లు. వెనకాల గుమాస్తా ఊపిరి సలపకుండా పొట్లాలు కడుతూనే ఉండేవాడు. ఏళ్ల తరబడి ఆ మాట విని విని నాకు విసుగొచ్చేసింది.

అందుకే, ఇకమీదట బ్యాంకు లెక్కలతో పని జరుపుదామని హైదరాబాదు ఆఫీసు అన్నప్పుడు నేను సంబరపడ్డాను. ఖాతాదారుల పేర్లు తీసేసి, ఏ ఊరి ఏటీఎంలో ఎంత తీశారు, ఏ ఊరి అంగళ్లలో కార్డు మీద ఎంత కొన్నారు అన్న మొత్తాలు మాత్రం ఒక బ్యాంకు ఇస్తుంది. ఇక తిట్లు తినే పని తప్పుతుంది! అయితే ముందుగా పాత లెక్కనూ కొత్త లెక్కనూ పక్కపక్కన పెట్టి సరిచూడాలి. దాన్ని వ్యాలిడేషన్ అనేవాళ్లం.

మదనపల్లె, పుంగనూరు లెక్కలు ఇంచుమించుగా కలిశాయి. చిక్కంతా కుప్పం దగ్గర వచ్చింది. బ్యాంకును అడిగితే ఆ ఊరివాళ్లు రూపాయి తీయడానికి కూడా వెనకాడుతున్నట్టుంది. మా ఇన్వెస్టిగేటర్ పార్వతి తెచ్చిన షెడ్యూళ్లు చూస్తే అంగళ్లు కళకళలాడుతున్నాయి. హైదరాబాదు ఆఫీసరు ఫోన్ చేశాడు.

"మీ అమ్మాయి ఇంట్లో కూర్చుని రాసేసినట్టుందండీ. వెళ్లి చూసి రిపోర్టు పంపండి. నిజమైతే తీసేద్దాం."

పార్వతిది కాంట్రాక్టు ఉద్యోగం. ఆ జీతం మీదే ఇద్దరు పిల్లల బడి నడుస్తోంది. నాకా నింద మింగుడుపడలేదు. అమ్మకం తక్కువ చెప్పే వ్యాపారిని రోజూ చూస్తాం, ఎక్కువ చెప్పేవాణ్ణి నేను బుద్ధెరిగాక చూడలేదు. దొంగలెక్క రాసేదే అయితే వాళ్లు చెప్పిన ఈగల కథే రాసుకుని ఇంటికి పోయేది కదా! కానీ ఈ మాట చెబితే హైదరాబాదు ఊరుకోదు. తేడా ఎందుకొచ్చిందో చూపించాలి.

మర్నాడు పుంగనూరు మీదుగా వెళ్లే బస్సెక్కి కుప్పం చేరాను. బస్టాండులో పార్వతి ఎదురొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఉద్యోగం పోతే ఇంగోటి సూసుకుంటాను సార్. దొంగలెక్క రాసిందనే మాట మాత్రం నాకొద్దు. ఈ ఊర్లోనే పుట్టి పెరిగినదాన్ని, అంగళ్లోళ్లు నాకాడ ఏమీ దాచుకోరు."

నువ్వు లెక్క తీసిన అంగడి చూపించమ్మా అన్నాను.

రైల్వే స్టేషను దగ్గర గోవిందప్ప అనే ఆయన సరుకుల అంగడికి తీసుకెళ్లింది. లోపల గోడ పొడవునా మేకులు, మేకు మేకుకూ ఒక సంచి. గుడ్డ సంచులు, వైరు బుట్టలు, యూరియా గోతంతో కుట్టినవి. అన్నీ నిండుగా ఉన్నాయి.

"ఇవేంది గోవిందప్పా, అమ్ముడుపోని సరుకా?"

"అయ్యో, అమ్ముడుపోయిందే సార్! తెల్లారి బెంగళూరు రైలుకు పోతా ఆడోళ్లు ఖాళీ సంచి తగిలించి, ఏం కావాల్నో నోటితో చెప్పిపోతారు. వాళ్లొచ్చే యాళకు నింపిపెడతాను. రైలు దిగినాంక నిలబడే ఓపిక యాడుంటాది?"

"ఏ సంచి ఎవరిదో గుర్తుంటుందా?"

"మా ఇంటామె మొగమన్నా మరిసిపోతానేమో గానీ సంచి మరిసిపోను" అని నవ్వాడు.

సాయంత్రం రైలొచ్చింది. బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసే ఆడవాళ్లు బిలబిలమంటూ అంగడి మీద పడ్డారు. వైరు బుట్ట అందుకుంటున్న ఒకామెను, జీతం ఎక్కడ తీసుకుంటావమ్మా అని అడిగాను.

"బెంగళూర్లోనే సార్. ఫ్యాక్టరీ గేటు పక్కనే మిషను ఉండాది. ఈడ మిషనుకు పోతే దుడ్లుంటే కరెంటుండదు, కరెంటుంటే దుడ్లుండవు."

"సరుకులు కూడా అక్కడే కొనుక్కోవచ్చు కదా?"

"అమ్మో, ఆడ ఉప్పు రేటు అడిగినా కండ్లు తిరుగుతాయి! అయినా గోవిందన్న ఉండంగా సంచి మోసుకోని రైల్లో నిలబడల్నా?"

అప్పుడు నాకు చిక్కు విడిపోయింది. వీళ్లు తీసిన డబ్బంతా బెంగళూరు లెక్కలో పడుతోంది. ఖర్చు మాత్రం ఈ మేకులకు వేలాడుతోంది. పార్వతి వైపు తిరిగి, "ఈ సంగతి షెడ్యూల్లో ఎందుకు రాయలేదమ్మా?" అన్నాను.

"ఎంత అమ్మినారని అడిగినారు గానీ, కొనేవాళ్ల దుడ్లు యాడనుంచి వచ్చినాయని దాంట్లో అడగలేదు కదా సార్."

నిజమే. ఆ ప్రశ్న ఎవరికీ తోచలేదు.

రిపోర్టు చదివిన ఆఫీసరు మొదట "రైలు కథ బాగుందండీ" అని వెటకారం చేశాడు. మనిషి మంచివాడే, ఆ తర్వాత బ్యాంకును మళ్లీ అడిగాడు. ఈసారి ఏటీఎం ఉన్న ఊరిని బట్టి కాకుండా ఖాతాదారు ఇంటి ఊరిని బట్టి మొత్తాలు తెప్పించాడు. కుప్పం లెక్క పార్వతి లెక్క దగ్గరికి వచ్చేసింది. ఆయనే స్వయంగా ఆమెకు ఫోన్ చేసి, మాట వెనక్కి తీసుకున్నానన్నాడు. ఆ రోజు నాకెంత ఆనందమైందో చెప్పలేను.

ఆ ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. ఇంటి ఊరిని బట్టి లెక్కించే పద్ధతి కుదిరాక, అంగళ్ల సర్వే ఇక అక్కర్లేదని ఆర్డరు వచ్చింది. పార్వతి లెక్క నిజం కాబట్టే బ్యాంకు లెక్క బాగుపడింది. అది బాగుపడేసరికి పార్వతి ఉద్యోగం పోయింది. చాలామందిని బతిమాలాను, ఏమీ కాలేదు. ఐడీ కార్డు ఇచ్చేయడానికి వచ్చినప్పుడు ఆమే నన్ను ఓదార్చింది. "ఆ దొంగలెక్క మాట కొట్టేసినారు కదా సార్, సాలు."

డబ్బు ఏ ఊళ్లో బయటికొచ్చిందో యంత్రం చెబుతుంది. ఆ డబ్బుతో ఏ ఊళ్లో పొయ్యి వెలిగిందో ఒకసారైనా ఎవరో వెళ్లి చూసి రావాలి. నా సర్వీసులో నేను నేర్చుకున్నది ఇదే. చూసొచ్చినవాళ్లను ఆ తర్వాత మనం పనిలో ఉంచుకోం అన్నది కూడా అప్పుడే నేర్చుకున్నాను.

మరుసటి ఏడాది వేరే పని మీద కుప్పం వెళ్లి గోవిందప్ప అంగట్లో ఆగాను. గోడకు ఒక కొత్త నీలం సంచి కనబడింది.

"అది పార్వతమ్మది సార్. ఇప్పుడు తనూ రైలుకే పోతాండాది. గార్మెంట్ ఫ్యాక్టరీ ఆఫీసులో పని."

రైలొచ్చేదాకా ఉన్నాను. అలిసిపోయి దిగింది, నన్ను చూసి నవ్వింది.

"నా ఖర్సు ఇప్పుడు ఏ ఊర్లో రాస్తాండారు సార్?"

"కుప్పంలోనేనమ్మా."

"అయితే సరిగ్గానే ఉండాది" అని సంచి అందుకుంది.