ఎదురింటికి అలసంద వడలు

మార్కాపురం వచ్చినప్పుడల్లా మా పిన్ని చెయ్యి గాల్లో తిప్పుతూ ఒకటే మాట అనేది: "మా హైదరాబాదులో దొరకంది లేదబ్బీ."

ఒకసారి వాళ్ల ఫ్లాటుకు వెళ్లాను. పద్దెనిమిదో అంతస్తు, ముఖం కనపడేంత నున్నటి గచ్చు, కింద ఈతకొలను. ఆ రోజు పిన్ని అలసంద వడలు చేసింది. మా వీధిలో పిండివంట ఏది చేసినా ఎదురింటికి పంపకుండా తినం. ఆ అలవాటు కొద్దీ నాలుగు వడలు డబ్బాలో పెట్టి వాచ్‌మన్‌తో ఎదురు ఫ్లాటుకు పంపింది.

మూత తీయకుండానే డబ్బా తిరిగొచ్చింది.

"వాళ్లు ఏం ఆర్డర్ పెట్టలేదంటమ్మా," అన్నాడు వాచ్‌మన్.

ఆరేళ్లుగా ఆ తలుపుకెదురుగానే పిన్ని కాపురం.

ఆ వడలు కూడా నా పళ్లెంలోనే వేసింది.

"తిను. ఇక్కడ దొరకంది లేదబ్బీ," అంది. చెయ్యి మాత్రం తిప్పలేదు.