పెన్న నడుమ రెండు చెలమలు

కమలాపురం అవతల, మా ఊరి దగ్గర పెన్న నడుమ ఎత్తైన దిబ్బ ఒకటి ఉండేది. దాని మీద మా ఊరి ఆసామి వేరుశనగ వేసేవాడు. ఏటిలో నీళ్లు చూసి ఏళ్లయింది కాబట్టి, కూలికి ఇసుకలో నడిచి పోయి ఇసుకలోనే నడిచి వచ్చేవాళ్లం. ఆ రోజు ఊళ్లో పెళ్లి. కాయలు కొయ్యడానికి మా అమ్మా నేనూ మాత్రమే పోయాం; ఆసామి మాకంటే ముందే వచ్చి ఉన్నాడు.

వాన మా దగ్గర పడలేదు, ఎగువన ఎక్కడో పడింది. సద్ది తింటుండగా పెద్ద గాలి లేచినట్టు హోరు వినిపించింది. చూస్తే చెట్లు కదలడం లేదు.

"ఏరొస్తాండాది!" అని ఆసామి అరిచాడు.

మేం పరుగెత్తి దిగేసరికే రెండు పాయల్లోనూ ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. ఆయన ఫోన్లో ఎవరెవరికో చెప్పాడు. సాయంత్రానికి ఆ ఫోనూ ఆరిపోయింది.

తెల్లారేసరికి ఆసామి తెచ్చిన నీళ్ల బిందె ఖాళీ. తినడానికి కుప్పలకొద్దీ పచ్చి కాయలు ఉన్నాయి గానీ, తిన్నకొద్దీ నాలుక పిడచకట్టుకుపోయింది. చుట్టూ నీళ్లే. వాటిలో పొట్టలుబ్బిన గొర్రెలు కొట్టుకుపోతున్నాయి.

"ఆ నీళ్లు ముట్టద్దు పాపా" అని అమ్మ దిబ్బ ఎగువన ఇసుక ఉన్న చోట చెలమ తవ్వింది. పారలు కింద పాయలో కొట్టుకుపోయాయి, చేతులతోనే తవ్వింది. గోళ్ల సందుల్లో నెత్తురొచ్చింది. మోచెయ్యి మునిగేంత లోతున నీళ్లూరాయి. బురద తోడి పారబోస్తే తేటపడ్డాయి. అమ్మ దోసిలి ముంచబోయింది.

"ఆగమ్మే" అన్నాడు ఆసామి. "నువ్వు చెయ్యి ముంచితే నేనేం తాగల్ల? ఇది నాకుండనీ. మీరు కిందికి పోయి ఇంగొకటి తవ్వుకోండి."

"ఈ చేత్తోనే గదయ్యా తవ్వినా."

"తవ్వేది వేరు, తాగేది వేరు."

ఆయన మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. చెలమ పక్కన తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడంతే. మేం ఇద్దరం, ఆయన ఒక్కడు. ఆ సంగతి నాకు తట్టింది. అమ్మకు తట్టినట్టు లేదు, అప్పటికే దిబ్బ దిగుతోంది.

కింద అంతా బంకమట్టి. ఊరిన నీళ్లు కుళ్లు వాసన కొట్టాయి. అమ్మ వాటిని కొంగుతో వడగట్టి, "ఉండు, నేను తాగి చూస్తా. నాకేం కాకుంటే నువ్వు తాగు" అంది. పొద్దు వాలకముందే ఆమెకు వాంతులు పట్టుకున్నాయి. ఆ తర్వాత విరేచనాలూ మొదలయ్యాయి.

నేను సద్దిగిన్నె పట్టుకుని పైకి పోయాను. "అయ్యా, అమ్మ చచ్చిపోయేట్టుండాది. కొన్ని నీళ్లు పొయ్యండి."

ఆయన చెలమలోకి తొంగి చూశాడు. "పోస్తాలే. ముందు ఆ కుప్ప మీద పట్ట కప్పి రా. మంచుకు కాయ నల్లబడతాది."

నేను ఆ టార్పాలిన్ పట్ట కప్పాను. గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు కూడా పెట్టాను. అప్పుడు ఆయన నా గిన్నెకు తగలకుండా, తన చెంబుతో పైనుంచి సగం గిన్నె పోశాడు.

మరుసటి పొద్దున పడవ వచ్చింది. ఆసామి రెండు కాయల మూటలతో సహా ముందే ఎక్కి కూర్చున్నాడు. పడవవాళ్లు మూటలు విసిరేసి, అమ్మను ఎత్తి పడుకోబెట్టారు. గట్టున జనం, ఫోన్లు. "ఎట్ల బతికినారు రెడ్డీ?" అని ఎవరో అడిగితే, "చెలమ తవ్వి ఈ ఆడోళ్లను కాపాడుకున్నా" అన్నాడు. అమ్మ తల నా ఒళ్లో ఉంది. గట్టున ఎవరో ఇచ్చిన నీళ్లు ఆమె నోట్లో పోస్తున్నాను.

కడప ఆసుపత్రిలో అమ్మ బతికింది. మనిషి సగమై ఇంటికొచ్చింది. మేం క్రైస్తవులం. ఆ వారం గుడిలో పాస్టరు, మమ్మల్ని కాపాడినందుకు ఆ ఆసామి కుటుంబాన్ని దీవించమని ప్రార్థన చేశాడు. అందరితో పాటు అమ్మ కూడా ఆమెన్ అంది.

నెల తిరక్కముందే ఆసామి ఇంటి నుంచి కూలికి పిలుపొచ్చింది. అమ్మ తలకు గుడ్డ చుట్టుకుంటోంది.

"ఆయప్ప చేనికే పోతాండావా మా?"

"ఈ ఊర్లో కూలికి పిలిచేటోళ్లు ఇంగెవరుండారు పాపా?"

ఆమెకు ఇంకా నిలబడే శక్తి లేదు. ఆమె బదులు నేనే పోయాను.